తంగేడుకు ఒక రేకంత ఎండ

కరీంనగర్‌లో ఎండకు కరువా అని ఎవరైనా నవ్వుతారు. మా అత్తగారిల్లు చూస్తే నవ్వరు. ఒకవైపు మూడంతస్తుల ఇల్లు, ఇంకోవైపు అపార్టుమెంటు, వెనక ప్రహరీకి ఆనుకుని పక్క వీధివాళ్ల గోడ. పగలు కూడా వంటింట్లో లైటు వేసుకునే ఉంటాం. డాబా ఉంది గానీ పైభాగం కిరాయికి ఇచ్చారు. డాబా మీదికి పోవాలంటే వాళ్ల గడప ముందు నుంచే పోవాలి. బట్టలు ఆరేసి రావడం వేరు, పిల్లవాణ్ణి చంకనేసుకుని ఊరికే ఎక్కడం వేరు. ఇక మిగిలింది గేటుకూ ఇంటి మెట్లకూ మధ్యనున్న జాగా. టిఫిన్ల వేళకు ఎండ అక్కడ గోడ దిగుతుంది. అన్నాల వేళకు అపార్టుమెంటు వెనక్కి పోతుంది. ఆ జాగాలో, ప్రహరీ మూలకు, నా నడుమెత్తు దాటిన తంగేడు చెట్టు ఉంది.

తంగేడును ఎవరూ పెంచరు. చేనుగట్ల మీద, రోడ్డు పక్కన, రాళ్ల నేలలో అది దానంతటదే వస్తుంది. బతుకమ్మలో పేర్చే పసుపు పూల కోసం, పండుగ దగ్గర పడితే తప్ప దాన్ని తలుచుకునేవాళ్లు కూడా ఉండరు. నేనెందుకు పెంచానో చెప్పాలంటే ముందు మా బాబు పుట్టినప్పటి సంగతి చెప్పాలి.

బాబు పుట్టింది మా తల్లిగారింట్లో ఉన్నప్పుడు. మా ఊరు భైంసా దగ్గర. నల్లరేగడి, పత్తిచేన్లు, సగం మరాఠీ కలిసిన మాటలు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన మరునాడే వాడకట్టు ఆడవాళ్లంతా చూడ్డానికి వచ్చారు. బాలింత గదికి కిటికీ మూసి, చీర అడ్డం కట్టి ఉంచింది మా అవ్వ, అంటే మా అమ్మ. ఆ మసకలో ఒక ముసలామె బాబు మొహం మీది గుడ్డ తీసి చూసి, "అగో బాయి! సోనం లెక్కున్నడు గదనే పోరడు! ఎంత పచ్చగున్నడే!" అంది. సోనమంటే బంగారం. ఆ మాట విని మిగతావాళ్లు కూడా వంగి చూశారు. "అయ్యో, ఇంత పచ్చగ ఎవ్వల పోలికనే?" "వాళ్ల నాయిన నలుపే గద?" "మరి మా బిడ్డ పోలిక!" అని మా అవ్వ మురిసిపోయి, దిష్టి తగలకుండా బాబు అరికాలికి కాటుక పెట్టింది. పక్క మీద పడుకుని వింటున్న నాకు కూడా కడుపు నిండినట్టయింది.

మా దిక్కు పచ్చ అంటే ఆకుల రంగూ పచ్చే, పసుపూ పచ్చే, మంచి ఛాయా పచ్చే. పెద్దవాళ్ల కాళ్లు మొక్కితే "పచ్చగ బతుకు బిడ్డా" అంటారు. ఒక్క మాటలో ఇన్ని మంచి అర్థాలు ఉన్నప్పుడు, అందులోనే ఒక మూలన జబ్బు కూడా ఉందని ఎవరికీ తట్టలేదు.

తర్వాత బాబు బరువు చూడ్డానికి నర్సమ్మ వచ్చింది. బాబును గది నుంచి గడప దాకా వెలుతురులోకి తీసుకుపోయింది. బొటనవేలితో రొమ్ము మీద నొక్కి, వేలు తీసి, ఆ చోటునే చూసింది.

"ఎప్పటి సంది గిట్లున్నడు?"

"పుట్టినప్పటి సంది పచ్చగనే ఉన్నడు," అంది అవ్వ, ఇంకా గర్వంగానే.

"గది ఆ పచ్చ గాదవ్వా. కామెర్లు. కండ్లు సూడు. జల్ది లేవుండ్రి."

నిర్మల్ ఆసుపత్రిలో బాబు కళ్లకు గంతలు కట్టి నీలి లైటు కింద పడుకోబెట్టారు. అద్దానికి ఇవతల నేను. పాలివ్వడానికి పిలిచినప్పుడు లోపలికి పోవడం, మళ్లీ బయటికి రావడం. బాబు బాగయ్యాడు. పంపించేటప్పుడు డాక్టరు, కొన్నాళ్లు పొద్దుటి లేత ఎండ తగలనివ్వమ్మా అన్నాడు. చాలామందికి చెప్పే మాటే అయి ఉంటుంది. నేను దాన్ని మంత్రంలా పట్టుకుని కరీంనగర్ వచ్చాను.

కబురు విని వచ్చిన మా అత్తమ్మ ఆసుపత్రిలో మా అవ్వను ఒక్క మాట కూడా అనలేదు. టీ తెప్పించి ఇచ్చింది కూడా. ఇంటికి వచ్చాక, బాబును తన ఒళ్లో వేసుకుని వాడితో అన్నట్టుగా అంది: "ఇగ నిన్ను గా ఊరికి తోలియ్య. కామెర్లొస్తే బంగారమని మురుసుకుంట కూసున్నరు మీ అమ్మమ్మగారు." ఆ తర్వాత నేను తల్లిగారింటికి పోతానన్నప్పుడల్లా ఇదే మాట, నవ్వుతూనే: "ఎందుకు బిడ్డా, మల్ల బంగారం జేసుకొస్తవా?" మా అవ్వా బాపూ వచ్చి చూసిపోతారు. నేను పోను.

భయం అప్పుడు పట్టుకుంది. బాబు ముక్కు మీద వేలితో నొక్కడం, వేలు తీశాక అక్కడ తెల్లగా వస్తుందా, పసుపుగా వస్తుందా అని చూడటం అలవాటయింది. మా ఇంట్లో ట్యూబులైటు కింద అందరూ పసుపుగానే కనబడతారు. కిటికీ దగ్గరికి తీసుకుపోతే పక్కింటి గోడ రంగు పడుతుంది. వాడి అసలు రంగు తెలిసేది ఒక్క ఎండలోనే. పుట్టినప్పటి ఆపద ఎప్పుడో దాటిపోయిందని నాకు తెలుసు. డిగ్రీ చదివాను, ఫోన్లో ఎన్నిసార్లు వెతికి చూశానో లెక్కలేదు. అయినా రోజుకోసారి వాణ్ణి ఎండలో చూడకపోతే ఆ రోజంతా ఏ పనీ చేతికి రాదు.

ఎండలో కూర్చోవడం మాత్రం అంత తేలిక కాదు. బాబును ఎత్తుకుని గేటు దగ్గర నిలబడితే లోపలి నుంచి అత్తమ్మ గొంతు వచ్చేది.

"గేటు కాడ ఏం జూస్తున్నవ్ బిడ్డా?"

"ఏం లేదత్తమ్మా. బాబుకు జర ఎండ."

"నల్లగైతడు. లోపలికి రా. పోయేటోళ్లు వచ్చేటోళ్లు సూస్తుండ్రు."

ఆమె గయ్యాళి కాదు. ఆ ఇంట్లో చేతిలో పని లేకుండా ఆడమనిషి బయట నిలబడటం ఎవరూ చూడలేదు, అంతే. ముగ్గు వేయొచ్చు. కూరగాయల బండి వస్తే బేరమాడొచ్చు. తులసికి నీళ్లు పోయొచ్చు. పని అయిపోతే లోపలికి రావాలి. తులసికి చెంబెడు నీళ్లు పోయడానికి ఎంతసేపు పడుతుంది? అందుకని ఎండలో ఉండే పని ఒకటి కావలసి వచ్చింది నాకు. ఒక చెట్టు పెడితే సరి అనుకున్నాను. నీడలో బతికే చెట్టయితే అత్తమ్మ మెట్ల కింద పెట్టమంటుంది. ఎండ లేకపోతే బతకని చెట్టే కావాలి. అట్లాంటి చెట్టేమిటని ఆలోచిస్తే మా చేనుగట్టు కళ్ల ముందుకు వచ్చింది.

ఫోన్ చేసి గింజలు పంపమంటే మా అవ్వ పగలబడి నవ్వింది.

"తంగేడుకు గింజలు పెడ్తరానే? గొర్లు గూడ ముట్టయి దాన్ని! బడికి పోయి చదువుకున్నదానివి, ఇంకేం చెట్టు దొర్కలేదా?"

"నువ్వు పంపవే అవ్వా."

"పంపుత. మీ అత్తకు మాత్రం మా పేరు చెప్పకు. గీళ్ల ఊర్ల పూలచెట్లు గూడ లేవంటది."

మా బాపు మనవణ్ణి చూడ్డానికి వచ్చినప్పుడు అంగీ జేబులోంచి గుప్పెడు ఎండుకాయలు తీసి నా చేతిలో పోశాడు. గోధుమరంగు, కాగితమంత పలుచన, ఊపితే గలగలమంటాయి. గింజల పైతోలు గట్టిది కాబట్టి వేడినీళ్లలో నానబెట్టి, వానలు పడగానే మూలన నాటాను. మొలకలు వచ్చాయి. పోయాయి కూడా. మొదళ్లు నల్లబడి, మెత్తబడి, వంగిపోయాయి. ఏమైందో అర్థం కాక నేను దిగులుపడుతుంటే అత్తమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది.

"అయ్యో పాపం," అంది. "రోజు బియ్యం కడిగిన నీళ్లు పోస్తనే ఉన్న. అయినా బతుకలే."

రాళ్లలో వానకోసం ఆగే చెట్టుకు మా అత్తమ్మ రోజూ పొద్దున ప్రేమగా కుడితి పోసి చంపింది. కోపం రావాలి, రాలేదు. ఆ చెట్టును నాకంటే ముందే ఆమె పట్టించుకుందని అప్పుడే తెలిసింది.

రెండోసారి ఆ మూలన మట్టి తీసేసి, సగం ఇసుక, కంకర కలిపి పోశాను. "దీనికి నీళ్లు వద్దత్తమ్మా" అని గట్టిగా చెప్పాను. ఒక్క మొలక నిలబడింది. నిలబడ్డాక ఇంకో చిక్కు వచ్చింది. ఎండలో కూర్చోవడానికి పని కావాలని పెట్టిన చెట్టు అది. దానికి అసలు పనే లేదు! నీళ్లు అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, పందిరి అక్కర్లేదు. నేను లేని పనులు కల్పించుకున్నాను. లేని కలుపు తీశాను. గుల్లగా ఉన్న మట్టినే మళ్లీ గుల్ల చేశాను. బాబు పక్కన కూర్చుని గులకరాళ్లు డబ్బాలో వేసేవాడు, డబ్బాలోంచి బయటకు పోసేవాడు. వాడిదీ నాదీ ఒకటే రకం పని.

"గంతసేపు ఏం జేస్తవే దానికి?" అని అత్తమ్మ గుమ్మంలోంచి అడిగేది.

"పురుగులు ఏరుతున్న."

అది అబద్ధం కాదు. లేత పసుపు సీతాకోకచిలుకలు వచ్చి ఆకుల మీద గుడ్లు పెట్టిపోయేవి. ఆకుపచ్చ పురుగులు ఆకుతో కలిసిపోయి కనబడేవి కావు. నేను ఒకటి తీస్తే రెండు వదిలేసేదాన్ని. అన్నీ ఏరేస్తే రేపటికి పని ఉండదు కదా.

అట్లా ఒక చలికాలం, ఒక ఎండకాలం గడిచాయి. వేసవిలో నేను కూడా ఎక్కువసేపు కూర్చోలేకపోయేదాన్ని. తంగేడు మాత్రం ఆ ఎండలోనే కొమ్మలు వేసింది. సాయంత్రమైతే ఆకులు రెండు రెండు మూసుకునేవి. పొద్దున ఎండ పడగానే విప్పుకునేవి. వానలు మొదలయ్యాక కొమ్మల చివర్లలో గుండ్రటి మొగ్గలు కనబడ్డాయి.

సరిగ్గా అప్పుడే ఇంటికి కారు వచ్చింది. మస్కట్‌లో పనిచేసే మా ఆయన, వాళ్ల బాపు పెద్దవాడయ్యాడు, స్కూటరు మీద తిరగొద్దని కొనిపించాడు. మామ ఆఫీసు నుంచి రిటైరైన మనిషి. పొద్దున పేపరు కంటే ముందు కారును చూసుకునేవాడు. కొత్త బట్ట పెట్టి తుడిచేవాడు. ఒకరోజు రేకుల షెడ్డు వేసే పనివాణ్ణి పిలుచుకొచ్చాడు. వాళ్లిద్దరూ గేటు నుంచి మెట్ల దాకా టేపు పట్టి కొలుస్తుంటే నేను బాబును ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాను.

"మొత్తం కప్పాలె," అంటున్నాడు మామ. "ఎండకు రంగు పోతది."

అత్తమ్మ బాబు గురించి చెప్పేది కూడా ఇదే. మా ఇంట్లో ఎండ అందరి రంగునూ పాడుచేస్తుంది.

ఆ శుక్రవారం మా ఆయన ఫోన్ చేసినప్పుడు చెప్పాను.

"మీరు జర బాపుకు చెప్పుండ్రి. రేకులేస్తే తంగేడు చచ్చిపోతది."

"గా తంగేడుకు ఇంత లొల్లి ఎందుకే? నర్సరీల మంచి గులాబి తెచ్చుకో. కుండీల పెట్టుకో."

"చెట్టు కోసం గాదు. బాబుకు ఎండ…"

"డాక్టరు చెప్పింది పుట్టినప్పుడు గద. ఇప్పుడు వాడు ఇల్లంత ఉరుకుతుండు. నువ్వు జర ఫికర్ చేసుడు తగ్గియ్యి."

ఆయనే మళ్లీ అన్నాడు: "ఎండ ఎంత కావాల్నో చెప్పు, ఈడికెంచి డబ్బాల నింపి పంపుత." నాకూ నవ్వొచ్చింది. నవ్వాక ఇక ఏం చెప్పాలి? "కారు కొనుమన్నది నేనే. మల్ల రేకులు వద్దని నేనే అంటనా?" అన్నాడు. అదీ నిజమే.

ఫోన్ పెట్టేశాక ఆ ఇంట్లో నా తరఫున మాట్లాడే మనిషి ఎవరని వెతుక్కున్నాను. ఎవరూ దొరకలేదు. రేకులు పడితే ఆ జాగాలో చెట్టు ఉండదు. చెట్టు లేకపోతే నేను బయట ఉండటానికి కారణం ఉండదు. కారణం లేకపోతే పొద్దున లేచింది మొదలు ట్యూబులైటు కిందే. బాబు రంగు నాకు మళ్లీ తెలియదు. ఆ రాత్రి నుంచి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పొద్దున కళ్లు మండుతుంటే, కామెర్లేమో అని నా కళ్లే అద్దంలో చూసుకున్నాను.

పనివాడు ఇనుప గొట్టాలు తెచ్చి దించిన రోజు మెట్ల మీద నిలబడి అడిగాను.

"మామా, తంగేడు ఎండ లేకపోతే బతుకది."

"అడివి చెట్టు బిడ్డా. ఏడనన్న బతుకుతది. తీసి ఇంకో కాడ పెడ్దాం."

"దాని వేరు చానా లోతుకు పోతది. తీస్తే చస్తది."

"మరేం జేద్దాం? కారును తీసి ఇంకో కాడ పెడ్దామా?" అని నవ్వాడు. పనివాడు కూడా నవ్వాడు. తర్వాత మామ నా మొహం చూసి నవ్వు ఆపాడు. "గంత ఏడుపు మొహం ఎందుకు పెట్టినవ్? నీకు కావాల్సింది చెట్టా, ఇంకేమన్ననా?"

ఎందుకో అప్పుడు అబద్ధం నోటికి రాలేదు.

"ఎండ," అన్నాను.

వంటింట్లోంచి అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఏం కావాల్నట?"

"ఎండ కావాల్నట," అన్నాడు మామ.

"అవ్వో! కరీంనగర్ల ఎండ కావాల్నని అడిగినదాన్ని నిన్నే జూసిన!" అంది అత్తమ్మ. అందరూ మళ్లీ నవ్వారు. నేను బాబును గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. బాబు కూడా అందర్నీ చూసి చప్పట్లు కొట్టాడు.

అత్తమ్మ చెట్టు దగ్గరికి పోయి ఒక కొమ్మ వంచి మొగ్గలు చూసింది. "ఏమయ్యో," అని మామను పిలిచింది. "పండుగ మీద పూలచెట్టు కొట్టిపిస్తవా? బయట తంగేడు ఏడ దొర్కుతుంది ఇప్పుడు? గుట్టలన్ని ప్లాట్లయినయి. ఒక రేకు ఇడువు గా మూలకు."

"కారు ముందర ఎండ పడ్తది."

"పడనియ్యి. దాన్నేమన్న పెండ్లికి పంపుతున్నమా?"

మామ పనివాడి వైపు చూశాడు. పనివాడు టేపు చుట్టుకుంటూ, "ఒక రేకు ఇడుస్తె ఏం గాదు సారూ," అన్నాడు. అట్లా ఒప్పందమైంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

వంటింట్లోకి వచ్చాక అత్తమ్మ చాటలో బియ్యం పోసి నా ముందు పెట్టింది. తనలో తాను అనుకున్నట్టు అంది: "నేను గీ ఇంటికొచ్చినప్పుడు గా అపార్టుమెంటు జాగల మక్కచేను ఉండె. గేటు కాడ నిలవడితె మా అత్త ఎట్ల సూస్తుండెనో. గా సూపుకు చేను గూడ ఎండిపోవాలె." నేను తలెత్తేసరికి ఆమె పొయ్యి వైపు తిరిగిపోయింది. "రాళ్లు మంచిగ ఏరు" అంది.

బతుకమ్మ మొదలయ్యే నాటికి చెట్టు నిండా పూలు పూశాయి. మూలంతా వెలిగినట్టు కనబడింది. కాలనీ ఆడవాళ్లు గేటు దగ్గర ఆగి అడిగారు. అత్తమ్మ కత్తెర పట్టుకుని నిలబడి తలా రెండు కొమ్మలు ఇచ్చింది. "మా ఇంట్ల చెట్టే! మా కోడలు గింజ పెట్టి మొలిపించింది. నీళ్లే పొయ్యొద్దు దీనికి, తెలుసా?" అని అందరికీ చెప్పింది. చివరి రోజు, సద్దుల బతుకమ్మ నాటికి మా చెట్టుకు ఆకులు తప్ప ఏమీ మిగల్లేదు. నాకు బాధేసింది. కానీ ఆ తొమ్మిది పొద్దులూ గేటు తెరిచే ఉంది. నేను బాబుతో అక్కడే ఉన్నాను. ఒక్కరు కూడా ఏం చూస్తున్నావని అడగలేదు.

పండుగ పోయాక రేకులు పడ్డాయి. మొదటిరోజు గుమ్మంలోకి వచ్చి చూస్తే ఇల్లు ఇంకో గది పెరిగినట్టుంది. మూలన మాత్రం ఒక రేకు వెడల్పు ఆకాశం. టిఫిన్ల వేళకు ఆ సందులోంచి ఎండ కింద పడుతుంది, చాప పరిచినట్టు. మొదట ప్రహరీ మీద, తర్వాత చెట్టు మీద, ఆ తర్వాత కారు ముందుభాగం మీద. ఆ చాపలో నేనూ బాబూ ఇద్దరం పట్టం. బాబును ఎండలో కూర్చోబెట్టి నేను నీడలో కూర్చుంటాను. ఎండ జరిగితే వాణ్ణి జరుపుతాను. చెట్టు కూడా ఆ సందు వైపే కొమ్మలు తిప్పుకుంటోంది. ఇటు పక్క కొమ్మలకు ఆకులు రాలుతున్నాయి. ఒకవైపు వాలిన చెట్టు ఎన్నేళ్లు నిలుస్తుందో నాకు తెలియదు. చలికాలం వచ్చి పొద్దు వంగాక ఎండ ఇంకా సన్నబడింది.

నిన్న పొద్దున మామ కారుకు గుడ్డ కప్పుతూ, పైకి చూసి అన్నాడు: "ఎండకాలం రాంగనే గా ఒక్క రేకు గూడ ఏయించాలె. బానెటు సల సల కాలుతది."

"వద్దు మామా," అన్నాను.

అంత త్వరగా అంటానని నేనూ అనుకోలేదు. ఆయన గుడ్డ కొస పట్టుకుని ఆగిపోయాడు.

"ఆఁ?"

"ఏయించకుండ్రి. వద్దు."

మామ కారును చూశాడు, చెట్టును చూశాడు, నన్ను మాత్రం చూడలేదు. "సూద్దాం తీయ్," అని గుడ్డ లాగి లోపలికి పోయాడు. సూద్దాం అంటే మా ఇంట్లో అవుననీ కాదు, కాదనీ కాదు. ఎండకాలానికి ఇంకా వ్యవధి ఉంది.

లోపలి నుంచి అత్తమ్మ పిలిచింది, పప్పు పొంగుతోందని. ఎండ ఇంకా బాబు మోకాళ్ల మీద ఉంది.

"వస్తున్న," అన్నాను. లేవలేదు.